గొంగట్లో ఏడేళ్ళు

మా భాష దీనికి పేరు పెట్టినప్పుడు
దీన్ని చూసి ఉండదు.
గొర్రెలకాపరి భుజమ్మీది గొంగళి లాగి
ఏదో ఒక పురుగుకి కప్పేసింది, అంతే.
ఆ పేరు సార్థకమైంది మాత్రం ఇక్కడ,
ఎల్స్‌మియర్ దీవిలో, గ్రైస్ ఫియోర్డ్ బడి వెనక
గులకరాళ్ళ వాలు మీద.

జూన్. రాత్రి ఒంటిగంట. ఎండ.
తొమ్మిదేళ్ళ మియాజి బోర్లా పడుకుని ఉంది,
చెవులు మూసిన టోపీ,
చేతిలో అక్కది గోళ్ళరంగు సీసా.
ఎదురుగా విల్లో చెట్టు, చీలమండ ఎత్తు కూడా లేదు.
ఇక్కడ అడవంటే ఇదే,
దాని మీద అడుగులేసి నడిచిపోతారు.
ఆ అడవిలో చిటికెనవేలంత గొంగళిపురుగు,
వెన్ను మీద నల్లకుచ్చు,
పక్కలకి కాచిన బెల్లం రంగు బొచ్చు.

తినదు. ఎటూ పోదు.
సూర్యుడు జరిగినకొద్దీ వీపు జరుపుకుంటుంది.
రోజులో సగానికి పైగా ఎండ కాచుకోవడమే దాని పని.
కడుపులో వేడి పుట్టాక ఒక చిగురు కొరుకుతుంది,
మళ్ళీ వీపు తిప్పుతుంది.
తీరిగ్గా ఉన్నట్టుంటుంది చూస్తే.
దాని ఏడాదికి ఉన్నదల్లా ఈ నెల.

జూలై ముదరకముందే, ఆకు ఇంకా పచ్చగా ఉండగానే
రాతి కిందకి దూరి
చుట్టూ పట్టుపోగులు అల్లుకుంటుంది.
ఎందుకంటే జూలై ఈగలది.
ఒక ఈగ వీపు మీద గుడ్డు పెట్టిందా,
ఆ పిల్ల లోపలికి తొలుచుకుపోయిందా,
ఇక తిన్నదంతా పరాయి బిడ్డకే.
సగానికి పైగా అలా పోతాయి.

మిగిలినవి గడ్డకడతాయి.
చచ్చిపోవు. గడ్డకడతాయి.
ఒంట్లో పాకం లాంటిదేదో కాచుకుని
గుండె ఆపేసుకుని
రాయి కింద ఇంకో రాయిలా
పది నెలలు, పదకొండు నెలలు.

పోయినేడు మూడింటికి ఎర్రచుక్క పెట్టింది మియాజి,
మళ్ళీ జూన్‌లో గుర్తుపడదామని.
ఇవాళ రాళ్ళన్నీ తిరగేస్తే ఒకే చుక్క దొరికింది.
చుక్క ఉంది, పురుగు లేదు.
బొచ్చుతో సహా విడిచేసిన తోలు,
అరచేతిలో ఊపిరికే ఎగిరిపోయేలా.
"చచ్చిపోయిందా? బట్టలు మార్చుకుందా?"

నాలుగు చక్రాల బండి మీద కూర్చుని
అవ్వ ఆలాషువా ఫ్లాస్కులో టీ తాగుతోంది.
పుట్టిందిక్కడ కాదు. చాలా దక్షిణాన, ఇనుక్జువాక్‌లో.
ఓడెక్కించినవాళ్ళు రెండేళ్ళన్నారు.
నచ్చకపోతే వెనక్కి తెస్తామన్నారు.
అప్పుడామె మెడలో తాడుకి ఒక బిళ్ళ,
పేరు పలకడం చేతగాక ఇచ్చిన నంబరు.
ఆ బిళ్ళ ఇప్పుడు కుట్టుడబ్బాలో
గుండీల మధ్య గుండీలా ఉంది.

"లెక్కపెట్టడానికొచ్చిన వాళ్ళని చాలామందిని చూశా.
ఈ పురుగుకి పద్నాలుగేళ్ళన్నారు.
ఇంకొకళ్ళొచ్చి కాదు, ఏడన్నారు.
అప్పటిదాకా అది తినడం మానిందా ఏం?"
నవ్వితే ఫ్లాస్కు మూతలో టీ ఒలికింది.

గొంగట్లో తింటూ వెంట్రుకలేరడం అంటే విన్నాను గానీ
గొంగట్లో ఏళ్ళేరడం ఇదే చూడటం.

ఏడో ఎండకో, అటూ ఇటుగానో
రెండు పొరల గూడు కట్టి, రెక్కలతో బయటికొస్తుంది.
గొప్ప రెక్కలేం కావు. ఆరిన పొయ్యి రంగు,
వేలితో గీసినట్టు ముదురు చారలు.
తినే నోరుండదు.
ఆడది దూరం పోదు.
విడిచిన గూటి మీదే కూర్చుని గాలికి కబురంపుతుంది,
మగది ఎక్కడున్నా ఆ వాసన పట్టుకుని వస్తుంది.
గుడ్లు కూడా అక్కడే, ఖాళీ ఇంటి గోడ మీద.
తర్వాత కొద్దిరోజులు, అంతే.
రెక్కల కోసమే ఈ బతుకంతా అని
ఎవరైనా అంటే నమ్మబుద్ధి కాదు నాకు.
అన్ని జూన్‌ల ఎండ తిన్నది గొంగళి.

మియాజి సీసా మూత తిప్పింది.
ఈసారి పురుగు మీద పెట్టలేదు చుక్క,
పక్కనున్న రాయి మీద పెట్టింది.
చలికి రంగు ఎంతకీ ఆరదు.
అది ఆరేలోపు పురుగు
ఇంకాస్త ఇటు జరిగింది.